రోమ్: టోటల్ వార్ – కాల్బలం నడిపేవాళ్ల ఆట

2004లో వచ్చిన కంప్యూటర్ యుద్ధ గేమ్ రోమ్: టోటల్ వార్‌ని ఇప్పటికీ ఆడుతున్నానంటే కారణం గ్రాఫిక్స్ కాదు, కాల్బలం. గుర్రాలతో ఎవరైనా గెలుస్తారు. ఈటెల వరుసను చెదరనివ్వకుండా నిలబెట్టడంలోనే ఉంది మజా అంతా.

మాసిడోనియా తరఫున ఆడి చూడండి. ఫాలాంక్స్ (ఈటెలు పట్టుకుని దగ్గరదగ్గరగా నిలబడే దళం) బటన్ నొక్కగానే పొడుగాటి ఈటెలు ముందుకు వాలతాయి, నడక నత్తనడక అవుతుంది. ఎదురుగా వచ్చినవాడు గుచ్చుకుని ఆగిపోతాడు. పక్కనుంచి వచ్చాడా, అంతే సంగతులు! దళాన్ని అటు తిప్పేలోపే సగంమంది నేలమీద ఉంటారు. క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర మాసిడోనియా రాజు పెర్సియస్ సైన్యాన్ని రోమన్లు ఓడించింది కూడా ఎగుడుదిగుడు నేలమీద వరుసలో పడ్డ సందుల్లోకి దూరే కదా.

కొత్తవాళ్లు ముందు గార్డ్ మోడ్ (దళాన్ని ఉన్నచోటే నిలిపి ఉంచే సెట్టింగ్) ఆన్ చేసుకోండి. లేదంటే గెలుస్తున్న దళం పారిపోయేవాళ్ల వెంటపడి, మధ్యలో పెద్ద ఖాళీ వదిలేస్తుంది. పరుగు పెట్టించొద్దు, అలసినవాళ్లు ఎక్కువసేపు నిలబడలేరు. నగర వీధుల్లో ఫాలాంక్స్‌ని మలుపు తిప్పడం నానా తంటా, నాకైతే విసుగే. కానీ ఇరుకు వీధికి అడ్డంగా రెండు దళాలు పెడితే ఎదురుగా వచ్చే గుర్రాలు దాటడం కష్టం.

కొనేవాళ్లు 2021 నాటి రీమాస్టర్డ్ (మెరుగుపరిచిన వెర్షన్) తీసుకోండి. కెమెరా ఇంకా దూరం జరుగుతుంది, వరుస ఎక్కడ వంగుతోందో వెంటనే తెలుస్తుంది.