కోల్‌కతా నేషనల్ లైబ్రరీ: ఎవరు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

ఒక్క తెలుగు పుస్తకం కోసమే అయితే కోల్‌కతా దాకా పోనక్కర్లేదు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకాన్నీ ప్రచురణకర్తే సొంత ఖర్చుతో కోల్‌కతాకీ, చెన్నై కన్నెమరాకీ, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకీ తలా ఒక కాపీ పంపాలి. పంపనివాళ్లు బోలెడు మంది, అది వేరే కథ. ముందు చెన్నైలో వెతకండి, మనకి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం.

పాత గెజిటీర్లు (జిల్లాల వివరాలతో ప్రభుత్వం వేసిన గ్రంథాలు), పత్రికలు, కలకత్తా యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌గా చేసిన అశుతోష్ ముఖర్జీ సొంత లైబ్రరీలోని సుమారు 80 వేల పుస్తకాలు కావాలంటే మాత్రం కోల్‌కతాలో ఈ లైబ్రరీ ఉన్న అలీపూర్ వెళ్లాల్సిందే. 1903లో వైస్రాయ్ కర్జన్ మెట్‌కాఫ్ హాల్లో తెరిచిన ఇంపీరియల్ లైబ్రరీయే ఇది. స్వాతంత్ర్యం వచ్చాక పేరు మారింది, 1953లో మౌలానా ఆజాద్ చేతుల మీదుగా బెల్వెడేర్ ఎస్టేట్‌లో తెరుచుకుంది. ఇప్పుడు 22 లక్షలకు పైగా పుస్తకాలున్నాయి. అందరూ ఫొటోలు దిగే తెల్లటి పాత భవంతిలో కాదు, చదువుకునేది అదే ఆవరణలోని కొత్త భవనం భాషా భవన్‌లో.

అల్మరాల మధ్య మనం తిరగడం కుదరదు. కేటలాగ్‌లో నంబరు చూసి స్లిప్పు రాసిస్తే సిబ్బంది తెచ్చిస్తారు. అందుకే ఇంటి దగ్గరే ఆన్‌లైన్ కేటలాగ్ చూసి నంబర్లు రాసుకెళ్లండి, పొద్దున్నే స్లిప్పులన్నీ ఇచ్చేయండి. కాగితం పొడిపొడిగా రాలే స్థితిలో ఉన్న పుస్తకం చేతికివ్వరు, అందులో వాళ్ల తప్పేం లేదు. ఓపికుంటే ఇంత నిధి ఇంకెక్కడా దొరకదు, హడావిడి మనుషులకి మాత్రం పడదు.

బసకి హౌరా స్టేషన్ పక్క లాడ్జీలు చవకే గానీ, వంతెన మీద ట్రాఫిక్‌కే సగం ఉదయం పోతుంది. సడర్ స్ట్రీట్‌లో నేను దిగిన ఒక లాడ్జిలో ఫొటోలో చూపిన గది వేరు, తాళం ఇచ్చిన గది వేరు. భవానీపూర్ నయం: జతిన్ దాస్ పార్క్ మెట్రో ఉంది, లైబ్రరీకి టాక్సీలో కొద్ది దూరమే. సాంబారు మీద బెంగ పుడితే లేక్ మార్కెట్ వైపు దక్షిణాది హోటళ్లున్నాయి.

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2న లైబ్రరీ మూసేస్తారు. దుర్గా పూజల రోజుల్లో చదువు పని పెట్టుకోవద్దు, అప్పుడు గదీ దొరకదు, రోడ్డూ కదలదు.