మిరాసోల్: ఎర్ర రక్తకణాలకు వెలుగుతో రక్షణ

దాత రక్తంలోని సూక్ష్మజీవులను నిర్వీర్యం చేయడానికి టెరుమో బీసీటీ సంస్థ రూపొందించిన మిరాసోల్ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చినది అది ఎంచుకున్న రసాయనమే. రైబోఫ్లేవిన్, అంటే మనం పాలు, గుడ్ల ద్వారా రోజూ తీసుకునే బి2 విటమిన్‌ను రక్తపు సంచిలో కలిపి అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తే, అది సూక్ష్మజీవుల డీఎన్ఏ, ఆర్ఎన్ఏలలోని గ్వానిన్ అనే మూలభాగాన్ని దెబ్బతీసి అవి వృద్ధి చెందకుండా ఆపుతుంది. పరిపక్వమైన ఎర్ర రక్తకణంలో డీఎన్ఏ ఉండే కేంద్రకమే ఉండదు కనుక ఈ దెబ్బ దానికి నేరుగా తగలదు.

అయితే ఎర్ర రక్తకణాలతో అసలు చిక్కు వాటిలోని హిమోగ్లోబిన్. ప్లేట్‌లెట్లు, ప్లాస్మాలలోకి సులువుగా చొచ్చుకుపోయే కాంతిని అది పీల్చేసుకుంటుంది. అందువల్ల కాంతి మోతాదు పెంచాల్సి వస్తుంది, కణాలు కొంత చిట్లుతాయి, నిల్వ కాలమూ తగ్గుతుంది. నెల తరబడి నిల్వలపై ఆధారపడే రక్తనిధికి ఇది చిన్న లోపం కాదు. పోటీలోని ఇంటర్‌సెప్ట్ వ్యవస్థ ఎర్రకణాలకు వచ్చేసరికి కాంతిని పూర్తిగా వదిలి, అముస్టలిన్ అనే రసాయనాన్ని ఆశ్రయించడానికి కారణమూ హిమోగ్లోబినే.

ఇంత చెప్పినా, ఈ యంత్రంపై ఘనాలోని కుమాసిలో జరిగి 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన పరీక్ష ఫలితాలు నన్ను కదిలించాయి: మలేరియా పరాన్నజీవి ఉన్న సంపూర్ణ రక్తం (భాగాలుగా విడదీయని రక్తం) ఎక్కించుకున్నవారిలో, శుద్ధి చేయని రక్తం పొందిన 37 మందిలో 8 మందికి మలేరియా సోకగా, శుద్ధి చేసినది పొందిన 28 మందిలో ఒక్కరికే సోకింది. దాతల్లోనే మలేరియా విస్తృతంగా ఉన్న చోట ఈ యంత్రాన్ని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.