ఇరవై ఒక్కసార్లు ఓడ ఎక్కాక

మాది హ్యూస్టన్. ఇంటి నుంచి గాల్వెస్టన్ రేవుకు కారులో గంటన్నర కూడా పట్టదు. విమానం టికెట్లు కొనకుండా సెలవు గడపడానికి అంతకన్నా దగ్గర దారి కనబడక 2011 నవంబరులో మొదటిసారి విహార ఓడ (క్రూజ్) ఎక్కాం. కోవిడ్ రోజుల్లో ఓడలన్నీ ఆగిపోయిన కాలం తీసేస్తే, ఇప్పటికి ఇరవై ఒక్క ప్రయాణాలు. చాలావరకు మెక్సికోలోని కోజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌లోని రోఆటాన్ చూసి వారానికి తిరిగివచ్చేవే. అలాస్కాకు ఒకసారి, అట్లాంటిక్ మీదుగా ఒకసారి. "ఓడ ప్రయాణం బాగుంటుందా వదినా?" అని అడిగిన ప్రతివారికీ ఫోనులో చెప్పిందే చెప్పి విసిగి, ఇక రాసి పెడదామని కూర్చున్నాను.

బాగుంటుంది. కాకపోతే మొదటి అయిదారు ప్రయాణాల్లో నేను దేనికి ఎక్కువ డబ్బు పోశానో, ఇప్పుడు దానికి దమ్మిడీ పెట్టను.

ముందు గది సంగతి. మొదటిసారి చవకని కిటికీ లేని లోపలి గది తీసుకున్నాం. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. మావారు మధ్యాహ్నం కునుకు తీసి లేచి, తెల్లారిందనుకుని పళ్ళు తోముకున్నారు. తర్వాత కనిపెట్టిన కిటుకు ఏమిటంటే, గదిలోని టీవీలో ఓడ ముందుభాగాన ఉన్న కెమెరా దృశ్యాన్ని చూపే ఛానెల్ ఒకటి ఉంటుంది. శబ్దం తీసేసి రాత్రంతా దాన్ని అలాగే వదిలేస్తే, సూర్యోదయానికి గది కూడా తెల్లబడుతుంది. గోడలు ఇనుప రేకువి కనుక నాలుగు అయస్కాంతపు కొక్కేలు పట్టుకెళ్తే తువ్వాళ్ళు, టోపీలు, సంచులు వేలాడదీసుకోవచ్చు. స్నానాల గది గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పాత ఓడల్లో తెర ఒంటికి అంటుకుంటుంది, దాన్ని వదిలించుకునే సరికి సబ్బు చేజారుతుంది, వంగి తీసుకునే చోటు ఉండదు.

రెండు మూడు ప్రయాణాలయ్యాక హోదా పెంచుకుందామని పై అంతస్తులో, ముందుభాగాన, బాల్కనీ ఉన్న గది తీసుకున్నాం. ఫిబ్రవరి నెల. మెక్సికో గల్ఫ్ (గాల్వెస్టన్ ముందున్న సముద్రం) మీదికి ఉత్తరపు చలిగాలి దిగిన రాత్రి మంచం మమ్మల్ని ఎత్తి దించుతూనే ఉంది. బీరువాలో హ్యాంగర్లు తెల్లవార్లూ భజన చేశాయి. ఓడ పక్కల నుంచి నీళ్ళలోకి చాపే రెక్కలు ఉంటాయి. అవి ఓడ అటూ ఇటూ ఒరగకుండా చూస్తాయి గాని, ముందూ వెనకా లేచి పడటాన్ని ఆపలేవు. ఊపు తక్కువగా తెలిసేది ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో. అంటే ఎక్కువ డబ్బు పుచ్చుకుని ఇచ్చిన గదే కడుపులో ఎక్కువ తిప్పుతుందన్నమాట. మర్నాడు వడ్డన చేసే అబ్బాయి ఆకుపచ్చ ఆపిల్, ఉప్పు బిస్కెట్లు తెచ్చిపెట్టాడు. ఓడల మీద అదే గృహవైద్యం. నా దగ్గరున్న అల్లం మురబ్బా దానికి తీసిపోలేదు. అప్పటి నుంచి మాకు రెండో మూడో అంతస్తులో, మధ్యలో, తెరవడానికి వీలులేని గుండ్రటి కిటికీ ఉన్న గదే ఇల్లు. అల వచ్చి అద్దాన్ని కొట్టి వెళ్తుంటే నిద్ర బాగా పడుతుంది.

తిండి గురించి తెలుగువాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: అన్నం దొరుకుతుందా? దొరుకుతుంది. రాత్రి భోజనశాలలో మొదటి రోజే పెద్ద వెయిటరుతో శాకాహారమని చెప్పుకుంటే, మర్నాటి నుంచి పప్పు, కూర, రొట్టె ఏదో ఒకటి వండించి పెడతారు. చాలా ఓడల వంటగదుల్లో గోవా, ముంబై వాళ్ళు ఉంటారు. నాలుగో రోజుకు ఆ పప్పు రుచి, పాలకూర రుచి, శనగల రుచి ఒకటే అయిపోతాయి. నేను చేసేది చెబుతాను. ఉదయం బఫేలో చప్పటి పెరుగు, మధ్యాహ్నం తెల్లన్నం, కొట్లో కొన్న, సీలు తీయని ఆవకాయ సీసా. ఇంట్లో పెట్టిన పచ్చడి రేవులోనే తీసేసుకుంటారు, నాకు జరిగింది. కుక్కరు, కెటిల్, ఇస్త్రీపెట్టె అసలు తేకూడదు. అగ్నిభయం. నడిసముద్రంలో మంటలు లేస్తే పరుగెత్తడానికి వీధి లేదు కనుక ఆ నియమాన్ని నేను తప్పుపట్టను.

బఫేలో నన్ను బాధపెట్టేది వేరు. పళ్ళెం నిండా పెట్టుకుని రెండు ముద్దలు తిని వదిలేసేవాళ్ళు. ఉచితమనుకుంటారు. ఈత కొలను పక్క కుర్చీల సంగతీ అంతే. పొద్దున్న ఆరింటికే చెప్పులు, తువ్వాళ్ళు వేసి ఆపుకుని పన్నెండింటికి వస్తారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు ఆపిన జాతి మనది. అయినా ఈ విషయంలో వీళ్ళు మనకు గురువులు.

డబ్బు ఎక్కడ కారిపోతుందో కూడా చెప్పాలి. టికెట్టు ధర చూసి సంబరపడకండి. సిబ్బందికి టిప్పు కింద మనిషికి రోజుకు ఇరవై డాలర్లకు అటూ ఇటూగా ఖాతాలో రాసుకుంటారు. దాన్ని తగ్గించమని కౌంటరు దగ్గర వాదించేవాళ్ళ వెనక నిలబడ్డ రోజు నాకు సిగ్గేసింది. ఆ మనుషులు ఆరు నుంచి తొమ్మిది నెలల ఒప్పందం మీద, వారానికి ఏడు రోజులూ పనిచేస్తారు. నీటిమట్టానికి దిగువన ఇద్దరిద్దరికి ఒక ఇరుకు గది. ఒకసారి బఫే దగ్గర నేనూ మావారూ తెలుగులో పోట్లాడుకుంటుంటే, దోశ గరిటె పట్టుకున్న కుర్రాడు నవ్వు ఆపుకోలేక "మేడమ్, మాది విశాఖపట్నం" అన్నాడు. పోట్లాట అక్కడితో ఆగింది. ఏడాది కొడుకును ఫోనులోనే చూశానన్నాడు. దిగే రోజు అతని చేతిలో విడిగా కొంత పెట్టి వచ్చాం.

టిప్పు సరే. తాగుడు ప్యాకేజీ, చిత్రపటాల వేలం, జూదశాల, ఫోటోలు, ఇవన్నీ నాకు అక్కర్లేనివి. ఓడ ఎక్కగానే ఫోన్ని విమానం మోడులో పెట్టకపోతే ఓడలోని మొబైల్ టవరుకు అతుక్కుని రోమింగు బిల్లు తగులుతుంది. అన్నిటికన్నా పెద్ద కన్నం ఓడలోని ఆసుపత్రి. అలాస్కా ప్రయాణంలో మా అత్తగారికి జ్వరం వచ్చింది. డాక్టరు చక్కగా చూశారు. రెండు సెలైన్ సీసాలు, రక్తపరీక్ష. ఆవిడ జ్వరం తగ్గింది, బిల్లు చూసి మావారికి వచ్చింది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవారు ప్రయాణ బీమా లేకుండా అడుగు పెట్టవద్దు.

అలాస్కా మాట వచ్చింది గనుక వీసా సంగతి చెప్పేస్తాను, మనవాళ్ళు దీంట్లోనే బోల్తాపడతారు. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతాం కదా, అమెరికా వీసా చాలదా అనుకుంటారు. చాలదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికులను మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా తిప్పి తెచ్చి దించకూడదు. ఈ పెద్ద ఓడలన్నీ దాదాపుగా బహామాస్, పనామా వంటి దేశాల జెండాలతోనే తిరుగుతాయి. అందుకని సియాటిల్ ఓడలు చాలావరకు ఆఖరి రోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో నాలుగైదు గంటలు ఆగుతాయి. ఆ నాలుగు గంటల కోసం అమెరికా వీసా మీద వచ్చిన భారత పాస్‌పోర్టువాళ్ళు కెనడా వీసా తీసుకోవాలి. మా అత్తగారి వీసాకు మూడు నెలల ముందే పరుగులు పెట్టాం. తీరా ఆ సాయంత్రం ఆవిడ కాళ్ళు నొప్పులని గదిలోంచి కదల్లేదు.

కదలకపోయినా ఆవిడ చూడాల్సింది చూసేశారు. అలాస్కాలోని గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకు రెండు పెద్ద ఓడలనే రానిస్తారు. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కి, మైకులో ఆ చోటు కథ చెబుతారు. మార్జరీ హిమానీనదం ముందుకు వెళ్ళి ఓడ నిలబడింది. వేల మంది ఉన్న ఓడ మీద అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. నీలంగా ఉన్న మంచుగోడలోంచి ఇల్లంత పెళ్ళ విరిగి పడింది. పడటం కనబడ్డాక కాసేపటికి ఉరుము వినబడింది. మంకీ క్యాపు, దాని మీద శాలువా కప్పుకున్న మా అత్తగారు, "ఇక్కడ ఇంత చోటుండగా ఆ శివుడు కైలాసం దాకా ఎందుకు పోయాడే అమ్మాయ్!" అన్నారు. రాజమండ్రి మనిషి. పాపికొండల లాంచీకి తప్ప వేరే పడవకు మార్కులు వేయని మనిషి.

ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రయాణికులకు నేర్పే భద్రతా కసరత్తు గురించి ఒక ఫిర్యాదు. మా మొదటి, రెండో ప్రయాణాల మధ్య, 2012 జనవరి 13న, ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే విహార ఓడ రాళ్ళకు తగిలి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన చాలామందికి అప్పటికి కసరత్తే జరగలేదు. ఆ తర్వాత ఓడ కదలకముందే అది పూర్తిచేయడం నియమమైంది. అందరం లైఫ్ బోట్ల కింద వరుసలు కట్టి, ఎండలో చెమటలు కక్కుతూ, ప్రమాద సంకేతమైన ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినేవాళ్ళం. కోవిడ్ తర్వాత ఫోనులో వీడియో చూసి, మన గుమిగూడే చోటికి వెళ్ళి కార్డు తాకించి వచ్చేస్తే చాలు. సుఖమే. కానీ అప్పుడు ఆ చెమటలో పక్కన ఎవరు నిలబడతారో, పిల్లలెవరో, చక్రాల కుర్చీ ఎవరిదో తెలిసేది. పాతదే మేలనిపిస్తుంది నాకు.

ఇక ఊళ్ళు. నిజం చెప్పాలంటే, ఓడ రేవుల్లో చూసేవి ఊళ్ళు కావు, వాటి గుమ్మాలు. అయిదు గంటల్లో వజ్రాల దుకాణాలు, టీషర్టులు, అదే పాట. కోస్టా మాయాలో గాలి ఎక్కువైతే ఓడ రేవుకు కట్టదు. మాకు రెండుసార్లు అది చేతికందినంత దూరంలో కనబడి వెనక్కిపోయింది. శీతాకాలంలో గాల్వెస్టన్‌కే పొగమంచు పట్టుకుంటుంది. ఓ జనవరిలో ఓడలు రేవుకు వచ్చే కాలవ మూసేశారు. మేము ఎక్కాల్సిన ఓడ సముద్రంలో, మేము పెట్టెలతో కార్ల నిలుపు స్థలంలో. పొద్దున పదకొండుకు వెళ్ళినవాళ్ళం మర్నాటికి గాని ఎక్కలేదు. పట్టుకెళ్ళిన పులిహోర ఆ రాత్రి పక్క కార్లవాళ్ళకు కూడా సరిపోయింది.

ఇప్పుడు రేవు వచ్చినా నేను చాలాసార్లు దిగను. జనం దిగిపోయాక ఓడ ఖాళీ. గ్రంథాలయం నాది, వేడినీళ్ళ తొట్టి నాది, కుర్చీ మీద ఎవరి తుండూ ఉండదు.

పెద్ద ఓడ చూడలేదనకండి. 2022 నవంబరులో గాల్వెస్టన్‌లో కొత్త టెర్మినల్ తెరిచి అల్యూర్ ఆఫ్ ద సీస్ అనే ఓడను తెచ్చారు. రెండు లక్షల పాతికవేల టన్నుల పైమాట. ఈ టన్ను బరువు కాదు, లోపలి చోటుకు కొలత. ఓడ మధ్యలో నిజం చెట్లతో తోట, రంగులరాట్నం, నీళ్ళ నాటకశాల. మనవడు మూడు రోజులు నాకు కనబడలేదు, అంత ఆట. నేను మాత్రం బాల్కనీలో నిలబడితే ఎదురుగా ఇంకొకరి బాల్కనీ, కింద తోట. అయ్యో, సముద్రం ఏది అని వెతుక్కోవాల్సి వచ్చింది. అపార్టుమెంట్ల మధ్య ఉన్నట్టే ఉంది. మచిలీపట్నంలో పుట్టినదాన్ని, మంగినపూడి ఇసుకలో ఆడినదాన్ని, నీళ్ళు చూడటానికి లిఫ్టు ఎక్కాలా?

అట్లాంటిక్ ప్రయాణం దీనికి విరుగుడు. చలికాలం ముందు యూరప్ నుంచి ఓడలను ఇటు తెచ్చేటప్పుడు రెండు వారాల టికెట్టు చవకగా ఇస్తారు. బార్సిలోనాలో ఎక్కాం. రెండు వేల మంది పట్టే పాత ఓడ. వరుసగా ఏడు రోజులు నేల లేదు. పడమటికి వస్తున్నాం కనుక చాలా రాత్రులు గడియారం గంట వెనక్కి, అంటే రోజుకు ఇరవై అయిదు గంటలు. ఆ అదనపు గంటలో నేను, కాలిఫోర్నియాలో స్థిరపడ్డ ఓ పంజాబీ పెద్దావిడ, నాలుగో అంతస్తు చుట్టూ ఉన్న చెక్క నడవాలో నడిచేవాళ్ళం. ఎగిరే చేపలు గుప్పెడు వెండి రూపాయలు విసిరినట్టు నీటి మీద జారిపోయేవి. ఆవిడకు తెలుగు రాదు, నా హిందీ దూరదర్శన్ హిందీ. వారంలో ఒకరి కోడళ్ళ గురించి మరొకరికి అంతా తెలిసిపోయింది.

గల్ఫ్‌లో అయితే నా నెల ఏప్రిల్. గాల్వెస్టన్ దాటిన మొదటి రాత్రి దీపాలార్పిన మూల చూసి నిలబడితే, చమురు బావుల వేదికలు దీపావళి ప్రమిదల్లా ఒకటొకటే వెనక్కి పోతాయి. పగలు పిట్టలు వస్తాయి. మెక్సికోలోని యుకటాన్ నుంచి టెక్సాస్ గట్టుకు ఆరువందల మైళ్ళ నీళ్ళు ఒక్క ఊపున దాటే వలస పక్షులు. ఎదురుగాలి తగిలితే ఓపిక అయిపోయి ఓడ మీద వాలతాయి. పిడికెడంత పసుపు పిట్ట ఒకటి పోయినేడు నా కుర్చీ చేతి మీద వాలి, రెక్కలు వేలాడేసి, అరగంట కదల్లేదు. నేనూ కదల్లేదు. మావారు కాఫీ తెచ్చి దూరం నుంచే సైగ చేస్తే వద్దన్నాను.

వచ్చే ఏప్రిల్‌కు గది తీసుకున్నాను. పాత ఓడ, రెండో అంతస్తు, గుండ్రటి కిటికీ. మనవడికి జారుడుబండలున్న పెద్ద ఓడ కావాలట. వాణ్ణి వాళ్ళ తాత జూన్‌లో తీసుకెళ్తానన్నారు. వాళ్ళిద్దరికీ లోపలి గదే తీసుకోమన్నాను, టీవీ ఛానెల్ నంబరు కాగితం మీద రాసిచ్చాను.