"మీ ఒంటికి నప్పే ప్రింట్" అంటూ అమ్మే డ్రెస్‌లతో జాగ్రత్త

కొనే బటన్ నొక్కబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. "మీ బాడీ షేప్ చెప్పండి, ఏ ప్రింట్ నప్పుతుందో మేం చెబుతాం" అనే ఆన్‌లైన్ షాపులో నేను బోల్తా పడ్డాను. పేరు రాయను, ఇదే పద్ధతిలో అమ్మేవి చాలా ఉన్నాయి.

నాకు భుజాలు సన్నం, తుంటి వెడల్పు. వాళ్ల భాషలో పియర్ షేప్. ఐదు ప్రశ్నలడిగి ఒక డ్రెస్ చూపించారు. మధ్యలో లేత రంగు మీద పెద్ద పెద్ద పూలు, రెండు పక్కలా లోపలికి వంపు తిరిగిన నల్ల పట్టీలు. నలుపు వెనక్కి తగ్గి మధ్య భాగమే కంటికి ఆనుతుంది కాబట్టి నడుము సన్నగా కనిపిస్తుందట. మోడల్ మీద నిజంగానే కనిపించింది, అందులో అబద్ధం లేదు. నాకొచ్చిన డ్రెస్‌లో మాత్రం ఆ వంపు నా నడుము దగ్గర లేదు, నాలుగు వేళ్లు కిందకి జారి తుంటి మీద కూర్చుంది. నడుము దగ్గరేమో లేత భాగం వెడల్పుగా పడి పీపాలా ఉన్నాను. పెద్ద పువ్వు ఒకటి కుడి ఛాతీ మీద నిండుగా విచ్చుకుంది, దాని జంట సగం తెగి పక్కకుట్టులోకి పోయింది, మూడోది సరిగ్గా పొట్ట మీద. ఇంట్లో అందరూ ముందు ఆ పువ్వుని చూసి తర్వాత నన్ను చూశారు.

ఇంకో సంగతి, తుంటి దగ్గర గుడ్డ సాగి ప్రింట్ వెలిసిపోయినట్టు తెల్లగా తేలింది. కొత్త డ్రెస్సే! ఇలాంటి సాగే గుడ్డలో చాలావాటికి తెల్లటి గుడ్డ మీద పైపైన అచ్చు వేస్తారు, రంగు లోపలి దాకా దిగదు, లాగితే అడుగున ఉన్న తెలుపు బయటపడుతుంది. చేత్తో పట్టుకుని లాగితే రెండు సెకన్లలో తెలిసిపోయేది, ఫోన్‌లో ఫొటోని లాగితే పెద్దదవుతుందే తప్ప సాగదు కదా.

రిటర్న్ పెడితే ఒప్పుకోలేదు. "ప్రింట్ పడే చోటు మారవచ్చు, దాన్ని లోపంగా పరిగణించం" అని ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అది చదవకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

తర్వాత కుట్టుపని తెలిసిన అక్కని అడిగితే ఆవిడ డ్రెస్ తిరగేసి చూసి నవ్వేసింది. పువ్వో గీతో రెండు ముక్కల మీద సరిగ్గా కలవాలంటే గుడ్డ ఎక్కువ ఖర్చవుతుంది, హడావుడిగా కత్తిరించే చోట అదంతా పట్టించుకోరు అంది. నా డ్రెస్ పక్కకుట్టు దగ్గర ముందు ఆకు ఒకచోట ఆగితే వెనక ఆకు రెండు వేళ్ల కింద మొదలైంది. పట్టీల వంపు కూడా ఒకే ఎత్తు మనిషికి సరిపడేలా గీసుకుని, సైజు పెంచినప్పుడు చోటు సరిచూడకపోతే ఇలాగే అవుతుందట.

అన్నట్టు, ఆ క్విజ్ నన్ను అడ్డగీతలు అసలు వేసుకోవద్దంది. కానీ 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త అడ్డగీతలతో నింపిన చదరం ఇంకా పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని రాశాడు. 2011లో బ్రిటన్‌లోని యార్క్ యూనివర్సిటీ పరిశోధకులు మనిషి బొమ్మల మీద పరీక్షించి, అడ్డగీతల వల్ల లావుగా కనిపించరనే తేల్చారు. కాకపోతే బొమ్మ మీద గీత తిన్నగా ఉంటుంది, బిగుతు టాప్ మీద అదే గీత పొట్ట దగ్గర విల్లులా వంగుతుంది, గుండ్రటి చుక్కలు కోడిగుడ్లవుతాయి, కన్ను నేరుగా అక్కడికే పోతుంది. అంటే గీత అడ్డమా నిలువా అన్నది తర్వాత, ముందు గుడ్డ ఒంటి మీద లాగకుండా ఉండాలి. ఈ మాట ఏ క్విజ్ చెప్పదు, చెబితే వాళ్లు అమ్మేవాటిలో సగం అమ్ముడుపోవు.

ఇప్పుడు నేను మోడల్ ఫొటో చూడటమే మానేశాను. నేరుగా రివ్యూల్లోకి వెళ్లి నా సైజు కొన్నవాళ్ల ఫొటోలు వెతుకుతాను, పువ్వు పక్కన ఎవరి చెయ్యైనా కనిపిస్తే అరచేతితో పోల్చి అది నిజంగా ఎంతుందో లెక్కేసుకుంటాను. పక్కకుట్టు ఫొటో పంపమని షాపువాళ్లని అడుగుతాను, పంపకపోతే కొనను. పార్సిల్ వచ్చాక ట్యాగ్ తెంపకుండా వేసుకుని, అద్దానికి రెండు మీటర్ల దూరం నిలబడి, కూర్చుని, చేతులెత్తి చూస్తాను, ఎందుకంటే నా డ్రెస్ పట్టీల వంపు నడుము దగ్గర కనిపించింది చేతులెత్తినప్పుడు మాత్రమే.

ఇలాంటి పట్టీల డ్రెస్ పెద్ద సైజులో కొంటే వంపు సరిగ్గా నడుము మీదే పడిందని ఎవరైనా అంటే, దయచేసి పక్క నుంచి తీసిన ఫొటో పెట్టండి. పొట్ట లోపలికి లాక్కుని తీసింది వద్దు, అలాంటిది నా దగ్గరా ఒకటుంది.