ముడతల అల్యూమినియం తుఫాను ప్యానెళ్లు: ఎవరు కొనాలి, ఎవరికి దండగ

విశాఖలో లాసన్స్ బే, పెదవాల్తేరు, సాగర్ నగర్ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న ఒకటి రెండు అంతస్తుల సొంత ఇళ్లకు, తుఫానుకు ముందు కిటికీలకు బయటి నుంచి బిగించే ఈ ప్యానెళ్లు నిక్షేపంగా పనికొస్తాయి. అపార్ట్‌మెంట్లో ఐదో అంతస్తు ఫ్లాటుకు మాత్రం వద్దు. కారణం కింద ఉంది.

వస్తువు చూడటానికి చాలా మామూలుది. 1.2 ఎంఎం అల్యూమినియం షీటును రెండంగుళాల లోతు ముడతలుగా వంచుతారు. పలకకు పద్నాలుగు అంగుళాల వెడల్పు. నాలుగడుగుల చదరపు కిటికీకి అన్నివైపులా నాలుగేసి అంగుళాలు గోడ మీదికి రావాలి కాబట్టి ఐదు పలకలు పడతాయి. ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కుతుంది. పైన లింటెల్‌కు బిగించిన పట్టాలో పలక తల దూర్చి, కింద గోడలోంచి బయటికి ఉన్న 8 ఎంఎం స్టడ్ల (మరలున్న కడ్డీల) మీద కూర్చోబెట్టి, చేత్తోనే తిప్పే రెక్కల వింగ్ నట్లు బిగించడమే పని. ఒక్కో పలక రెండు కిలోల పైచిలుకు, అంతే. అదే కిటికీకి 12 ఎంఎం మెరైన్ ప్లైవుడ్ కోస్తే ఒకే ముక్క పదిహేడు కిలోల దాకా తూగుతుంది. గాలి మొదలయ్యాక నిచ్చెన మీద నిలబడి దాన్ని ఎత్తడం ప్రమాదం.

షీటు గట్టిదనం గురించి షాపువాళ్లు ఎంతైనా చెప్తారు. మీరు అడగాల్సింది గోడలో దిగే బోల్టు గురించి. భారత ప్రమాణాల్లో విశాఖకు లెక్కగట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల తోపుడు ఉంటుంది. నాలుగడుగుల కిటికీ మీద రెండు వందల ఇరవై కిలోలన్నమాట. ఇంటి మూలల దగ్గర ఇంతకన్నా ఎక్కువే. గాలి పలకను బయటికి లాగేటప్పుడు ఆ భారమంతా చివరికి పైన పట్టా బోల్టుల మీదా, కింద స్టడ్ల మీదా పడుతుంది.

లింటెల్ కాంక్రీటు కాబట్టి పైన పట్టాకు మామూలు యాంకర్ ఫాస్టెనర్లు చాలు. చిక్కంతా కింద ఇటుక గోడతోనే. విచ్చుకునే ఫాస్టెనర్‌ను ఇటుకలో బిగిస్తే ఇటుకే చీలుతుంది. అక్కడ కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో జిగురు మందు నింపి స్టడ్‌ను అతికించేది, వేయించండి. బోలు బ్లాకు గోడైతే జాలీ తొడుగు కూడా ఉండాలి. బయటి ప్లాస్టరింగ్ మందం 15 నుంచి 20 ఎంఎం ఉంటుంది. దాన్ని లెక్కలోంచి తీసేసి, అసలు ఇటుకలోకి కనీసం 80 ఎంఎం దిగేలా రంధ్రం చేయమనండి. రంధ్రం కిటికీ అంచుకు మూడంగుళాల దూరంలో, ఇటుకల మధ్య సిమెంటు అతుకు మీద పడకుండా ఉండాలి. డ్రిల్ చేశాక బ్రష్‌తో తోమి దుమ్ము ఊదేయకపోతే మందు దుమ్ముకు అంటుకుంటుంది, గోడకు కాదు. పనివాళ్లు తొందరలో వదిలేసేది సరిగ్గా ఈ పనినే. దగ్గరుండి చేయించుకోండి.

గాలికి పలక లోపలికి వంగుతుంది. అద్దానికీ దానికీ రెండు నుంచి మూడంగుళాల ఖాళీ లేకపోతే పలకే అద్దాన్ని పగలగొడుతుంది. కిటికీ గోడతో సమానంగా ఉన్న ఇళ్లలో పట్టా కింద దిమ్మ వేసి ముందుకు జరపాలి.

సముద్రం వైపు కిటికీలకు మాత్రమే చేయించుకుంటే డబ్బు మిగులుతుందని చాలామంది అనుకుంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, ఊరి మీదుగానే వెళ్లింది. మధ్యలో గాలి ఆగింది, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. కన్ను మీదుగా వెళ్లిన ప్రతిచోటా అంతే జరుగుతుంది. వెనక కిటికీ ఒక్కటి పగిలినా గాలి లోపలికి దూరి, తలుపుల్నీ రేకుల కప్పునీ లోపలి నుంచి బయటికి నెడుతుంది. చేయిస్తే నాలుగు వైపులా చేయించండి.

ఈ ప్యానెళ్లలో అసలు లోపం ఉప్పుగాలి దగ్గర బయటపడుతుంది. షీటుకు దానంతట ఏమీ కాదు. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) నట్లు ఇచ్చారంటే రెండు మూడేళ్లకే తుప్పుపట్టి, అవసరమైన రోజున తిరగవు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే అడగండి. ఖరీదెక్కువైనా ఇక్కడ బేరమాడకండి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ బిగిస్తే మరలు కొరుక్కుని పట్టేస్తాయి, అందుకే బిగించే ముందు యాంటీ సీజ్ పేస్టు రాయాలి. అల్యూమినియానికీ స్టీలుకూ మధ్య నైలాన్ వాషర్ లేకపోతే బొక్క చుట్టూ తెల్లటి పొడి రాలి షీటును తుప్పు తినేస్తుంది. మామూలు రోజుల్లో స్టడ్లకు రబ్బరు టోపీలు తొడిగి ఉంచాలి. ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి ప్రతి నట్టూ తిప్పి చూడండి.

ఇవి నీళ్లను ఆపవు. ముడతల సందుల్లోంచి వాన వస్తుంది. స్లైడింగ్ కిటికీ పట్టాలో నీరు పోయే బెజ్జాలు మూసుకుపోతే ఆ నీళ్లన్నీ గదిలోకే. పుల్లతో శుభ్రం చేయడం ఐదు నిమిషాల పని. ఇల్లంతా చీకటైపోతుంది, పైగా కరెంటూ ఉండదు. గదికొక పలక పారదర్శక పాలికార్బొనేట్‌ది పెట్టించుకుంటే వెలుతురు వస్తుంది. అది ఎండలో ఉంటే పసుపెక్కుతుంది, కాబట్టి నీడలో దాచండి. బయటికి వెళ్లడానికి లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఒకటైనా మూయకుండా ఉంచాలి.

ఫ్లాట్ల సంగతి. పై అంతస్తుల్లో బయటి నుంచి బిగించడానికి నిలబడే చోటుండదు. గ్రిల్ అడ్డొస్తుంది. కిటికీలోంచి వంగి పలకలు పెట్టే ప్రయత్నం ఎవరూ చేయకండి. ఆ డబ్బుతో లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న) అద్దం వేయించుకోవడం, ఫ్రేము గోడకు ఎన్ని స్క్రూలతో ఉందో చూసి పెంచుకోవడం మేలు. అద్దానికి టేపు అంటించడం వల్ల బలం ఏమీ రాదు.

ఆర్డరిచ్చేటప్పుడు ప్రతి పలక వెనక కిటికీ పేరు, వరుస సంఖ్య పెయింటుతో రాయించండి. అంచులు కత్తిలా ఉంటాయి, చేతి తొడుగులు కొనండి. ఇరవై వింగ్ నట్లు అదనంగా తీసుకోండి, గడ్డిలో పడినవి దొరకవు. మిగతా డబ్బు ఇచ్చే ముందు ఇల్లంతా ఒకసారి ఇంట్లోవాళ్లే బిగించి విప్పాలి. ఇద్దరు మనుషులకు కిటికీకి పావుగంట దాటుతోందంటే స్టడ్లు వరసలో లేవని అర్థం. అప్పుడే సరిచేయించుకోండి.