బ్యాంకాక్‌లో నా పేరు బోర్డు పట్టుకుని నిలబడ్డాయన

నవంబర్ 12 పొద్దున్న ఆరున్నరకి లేచి ఫోన్ చూస్తే వాట్సాప్‌లో ఏడు మెసేజ్‌లు ఉన్నాయి. చివరిది ఒక ఫోటో. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో బయటికొచ్చే గేటు దగ్గర, తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన నా పేరు రాసిన బోర్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేనేమో కూకట్‌పల్లిలో, మంచం మీద, లుంగీలో ఉన్నాను.

మా ప్రయాణం ఆ రాత్రికి. ఇంట్లో అందరం నెల రోజులుగా "పన్నెండో తారీఖు రాత్రి" అనుకుంటూనే ఉన్నాం. టికెట్ మీద మాత్రం 13వ తేదీ, 00.45 అని ఉంది. పన్నెండు దాటాక బయలుదేరే విమానానికి తేదీ మారిపోతుందని తెలియక కాదు. హోటల్‌కి కారు బుక్ చేసేటప్పుడు నోట్లో నానుతున్న ఆ 12నే నొక్కేశాను. విమానం నంబరు అడిగారు, సరిగ్గానే ఇచ్చాను. కానీ అదే నంబరుతో రోజూ ఒక విమానం దిగుతుంది కదా! 12న వచ్చినదాన్ని వాళ్లు శ్రద్ధగా ట్రాక్ చేశారు. అది దిగింది. పాపం ఆయన గంటకు పైగా నిలబడి, ఫోటో తీసి పంపించి, వెళ్లిపోయాడు. 900 బాత్‌లు, అంటే రెండు వేల పైచిలుకు రూపాయలు, నేను నిద్రలో ఉండగానే ఖర్చయిపోయాయి. రద్దు చేసుకోవాలంటే 24 గంటల ముందు చేసుకోవాలన్నది వాళ్ల నియమం. తప్పు నాది, గొడవ పెట్టుకోలేదు.

అంత డబ్బు పోయాక కూడా మళ్లీ ప్రైవేటు కారే ఎందుకు బుక్ చేశావని మా బావమరిది అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. అంతకు ముందు ఆఫీసు పని మీద ఒక్కణ్నే వెళ్లినప్పుడు నేను ఎయిర్‌పోర్టు రైల్లోనే వెళ్లాను. బేస్‌మెంట్‌లో ఎక్కితే చివరి స్టేషన్ ఫయా థాయ్‌కి అరగంట కూడా పట్టదు, టికెట్ 45 బాత్‌లు. ఈసారి మా హోటల్ ఉన్న ప్రతూనామ్ పేటలో బస చేసేవాళ్లు దానికి ఒక స్టేషన్ ముందు, రాచప్రారోప్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. వీపున ఒక్క బ్యాగుతో వెళ్లేవాళ్లకి నేను ఇంకేదీ చెప్పను. శంషాబాద్ నుంచి పుష్పక్ బస్సులో ఇంటికొచ్చే అలవాటున్న నాకు అది స్వర్గంలా అనిపించింది. ఆ స్టేషన్ పక్కనే డబ్బులు మార్చే కౌంటర్లున్నాయి. పైన బ్యాంకు కౌంటర్ల కన్నా అక్కడ రేటు బాగుంటుంది కాబట్టి రైలెక్కకపోయినా ఒకసారి కిందికి దిగడం మంచిదే.

ఈసారి లెక్క వేరు. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు, అమ్మ, నా భార్య, నాలుగేళ్ల పాప, నేను. మూడు పెద్ద సూట్‌కేసులు, అమ్మ పులిహోర, పచ్చళ్ల సంచీ. రైలు అక్కడే కొట్టేశాం.

తర్వాతది మీటర్ టాక్సీ. బ్యాంకాక్ ఎయిర్‌పోర్టులో టాక్సీ ఏర్పాటు నిజానికి చాలా బాగుంటుంది. విమానం దిగి బయటికొచ్చేది రెండో అంతస్తులో. అక్కడ "టాక్సీ, టాక్సీ" అంటూ వెంటపడేవాళ్లని వదిలేసి మొదటి అంతస్తుకి దిగితే యంత్రాలుంటాయి. బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాని మీద మీ కారు ఏ నంబరు దగ్గర ఆగి ఉందో ఉంటుంది. ఆ చీటీ డ్రైవరుకి ఇచ్చేయకూడదు, ఏదైనా తేడా వస్తే ఫిర్యాదుకి అదే ఆధారం. మీటరు 35 బాత్‌లతో మొదలవుతుంది, ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కినందుకు మరో 50, హైవే ఎక్కితే టోల్ మనదే. అన్నీ కలిపినా ప్రతూనామ్ దాకా నాలుగు వందల చుట్టూ ఉంటుంది. ఇద్దరుంటే, వెంట పెద్దవాళ్లు లేకపోతే, నా ఓటు దీనికే.

మాకు అడ్డొచ్చింది డిక్కీ. అక్కడ గులాబీ రంగు, పసుపు ఆకుపచ్చ రంగు టాక్సీలు చాలా వరకు గ్యాస్ మీద నడుస్తాయి. సిలిండరు డిక్కీలోనే ఉంటుంది. మన దగ్గర సీఎన్‌జీ క్యాబ్ బుక్ చేసి, వెనక తలుపు తెరిచి ఉసూరుమన్నవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. పైగా మేం ఐదుగురం. పెద్ద టాక్సీలకి వేరే వరుస ఉంది కానీ, రాత్రంతా నిద్రలేని నాన్నగారిని ఆ వరుసలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. హోటల్ వాళ్లని అడిగితే వాళ్ల కారుకి 1,600 బాత్‌లన్నారు. అదే బండి బయట వెయ్యి, పదకొండు వందలకి దొరుకుతుంటే హోటల్ పేరుకి ఐదొందలెందుకు?

అలా 12వ తేదీ పొద్దున్న, ఇడ్లీ తింటూ, రెండోసారి బుకింగ్‌కి కూర్చున్నాను. ఈసారి చిన్న అక్షరాల్లో ఉన్నవన్నీ చదివాను. ఒక కంపెనీ 24 గంటల ముందు చెప్పకపోతే తీసుకోదు. ఇంకోటి ఎస్‌యూవీకి 800 అని ఊరించింది, లోపలికెళితే టోల్ వేరు, ఉచితంగా ఆగేది 45 నిమిషాలే, అదీ విమానం నేలను తాకినప్పటి నుంచి లెక్క. మూడోది 1,100. టోల్ అందులోనే, 90 నిమిషాలు ఆగుతారు. దాన్నే తీసుకున్నాను. తేదీ దగ్గర నా భార్య వచ్చి, నా భుజం మీదుగా వంగి, వేలు పెట్టి "పదమూడు" అని పైకి చదివింది. ఇంకేమీ అనలేదు.

ప్రైవేటు కారు బుక్ చేసేవాళ్లు ధర కన్నా ముందు ఈ ఆగే సమయం చూడాలి. మా సంగతే చెప్తాను. విమానం 5.50కి దిగింది (వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర ముందు). వీల్‌చైర్ పెట్టిస్తానంటే నాన్నగారు "నేనేమన్నా పేషెంటునా?" అని ముందే కొట్టిపారేశారు. తీరా అక్కడ నడక మొదలుపెట్టాక ఎంతకీ తరగదు. కదిలే బెల్టులున్నా మధ్యమధ్యలో దిగి ఎక్కుతూ ఉండాలి. ఇమిగ్రేషన్ వరుసలో యాభై నిమిషాలు. వాళ్ల డిజిటల్ అరైవల్ కార్డు ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో నింపుకున్నాం, అది ఉచితం, వచ్చే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. వరుసలో మా ముందున్న కుటుంబం అది నింపకుండా వచ్చి, ఫోన్‌లో నెట్ లేక నానా తంటాలు పడింది. ఆ తర్వాత సూట్‌కేసులు, పాపకి బాత్రూము. బయటికొచ్చి గడియారం చూస్తే ఎనభై నిమిషాలు గడిచాయి. 45 నిమిషాల కారు బుక్ చేసి ఉంటే రెండో డ్రైవరు కూడా ఫోటో పంపించి వెళ్లిపోయేవాడు.

గేటు దగ్గర బోర్డులు పట్టుకున్నవాళ్లు బారులు తీరి ఉన్నారు. నా పేరు వెతుకుతుంటే కాళ్లు వణికాయంటే నమ్ముతారా? ఉంది. స్పెల్లింగ్ తప్పు, అయినా ఉంది. ఆయన మాట్లాడకుండానే నాన్నగారి చేతిలో బ్యాగు అందుకుని, లిఫ్టు దగ్గరికి దారి చూపించాడు. నాన్నగారు అప్పటిదాకా బిగబట్టుకున్న మొహం అక్కడ వదులయింది. ఆ 1,100లో ఏడొందలు కారుకైతే, మిగతా నాలుగొందలు ఆ ఒక్క క్షణానికి ఇచ్చానని అనుకుంటాను.

ఒక చిన్న చిక్కు మాత్రం వచ్చింది. కంపెనీ వాళ్లు వాట్సాప్‌లో మాట్లాడారు, డ్రైవరు వాడేదేమో లైన్ అనే యాప్. అక్కడ దాదాపు అందరూ అదే వాడతారు. ఫోన్‌లో ముందే వేసుకుని వెళితే మేలు.

కారు ఎక్కేసరికి ఏడున్నర. ఊళ్లోకి అందరూ పనులకి వెళ్లే వేళ. హైవే మీదే బండ్లు బారులు కట్టాయి. నాన్నగారికి ట్రాఫిక్‌లో మీటరు చూసుకోవడం పాత జబ్బు, హైదరాబాద్ ఆటోల్లో ఆయన బయటికి చూడగా నేను చూడలేదు. ఇక్కడ మీటరు లేదు. రేటు ముందే తేలిపోవడంతో ఆయన మొదటిసారి కిటికీలోంచి చూశారు. సువర్ణభూమి అన్న పేరు ఆయనకి తెగ నచ్చింది. ఆ చోటు పాత పేరు నోంగ్ ఙూ హావ్, అంటే నాగుపాముల మడుగు అని చెప్పాను. 2006లో ఎయిర్‌పోర్టు తెరిచేలోగా పాముల మడుగు బంగారు భూమి అయిపోయింది. "మన రియల్ ఎస్టేట్ వాళ్లు నయం," అన్నారాయన.

ప్రతూనామ్ గురించి కూడా చెప్పాలి. ప్రతూ అంటే తలుపు, నామ్ అంటే నీళ్లు. సేన్ సేప్ కాలువ మీది లాకులని బట్టి ఆ పేటకి ఆ పేరొచ్చింది. ధవళేశ్వరం లాకులు చూస్తూ పెరిగిన అమ్మకి ఇది చెప్పగానే బ్యాంకాక్ సగం దూరం తగ్గిపోయింది. ఆ కాలువలో ఇప్పటికీ పడవలు నడుస్తాయి, ఊళ్లోవాళ్లు ఆఫీసులకి వాటిలోనే వెళతారు. నీళ్లు మురుగు వాసన వేస్తాయి, పడవ వేగంగా వెళుతుంటే తుంపర మీద పడకుండా పక్కన పట్టా లాక్కోవాలి. అయినా రోడ్డు మీద గంట పట్టే దూరం పావుగంటలో తేలిపోతుంది.

హోటల్ ఉన్నది ఒక సోయిలో, అంటే సందులో. పొద్దున్నే బట్టల బేరగాళ్లు సగం సందు ఆక్రమించేశారు. హోటల్ పేరు, చిరునామా థాయ్ లిపిలో ఉన్న కాగితం నా దగ్గర ఉండటం ఇక్కడ పనికొచ్చింది. అదే పేరుతో ఇంకో శాఖ పక్క వీధిలో ఉందట, డ్రైవరు దానివైపు తిప్పబోయి కాగితం చూసి ఆగాడు. బుకింగ్ కాగితం ఇంగ్లిష్‌లో ఒక్కటే ఉంచుకోవద్దు. గుమ్మం ముందు దింపి, సామాను లోపల పెట్టించి, నేనిచ్చిన వంద బాత్‌లు రెండు చేతులా తీసుకుని నమస్కరించి వెళ్లాడు. ఎయిర్‌పోర్టు నుంచి గంటా పది నిమిషాలు పట్టింది.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. కారు మనల్ని ఎనిమిదీ నలభైకి దింపేస్తుంది, గది ఇచ్చేది రెండింటికి. హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి విమానాల్లో వెళ్లే అందరికీ ఇది తప్పదు. ముందే మెయిల్ పెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. రిసెప్షన్‌లో అమ్మాయి సామాను దాచిపెట్టి, ఒక గది పదకొండింటికి ఇస్తానంది, ఆ గంటలకి వెయ్యి బాత్‌లు. డిపాజిట్ మరో వెయ్యి, వెళ్లేటప్పుడు తిరిగిచ్చారు. లాబీలో సోఫా మీద నాన్నగారు కునికిపాట్లు, పాప అమ్మ ఒళ్లో. మేం చాటుగా పులిహోర తిన్నాం. ఇంకోసారి వెళితే ముందు రోజు రాత్రికి కూడా ఒక గది బుక్ చేసి, పొద్దున్నే నేరుగా వెళ్లి పడుకుంటాం.

గదులు చిన్నవి, శుభ్రంగా ఉన్నాయి. చుట్టూ బట్టల బజార్లే, ప్లాటినం మాల్ నడిచే దూరం, మన తిండి దొరికే హోటళ్లు రెండు మూడు సందుల్లోనే ఉన్నాయి. అందుకే మనవాళ్లు అక్కడ ఎక్కువ దిగుతారు. సాయంత్రం ఆ రోడ్డు మీద కారు కదలదు, గుడులు చూడటానికి వచ్చినవాళ్లైతే నది దగ్గర ఉండటమే మంచిది.

తిరుగు ప్రయాణానికి ప్రైవేటు కారు బుక్ చేయలేదు. అవసరం అనిపించలేదు. హోటల్ లాబీలో కూర్చుని ఉన్నాం, మన కోసం ఎవరో నిలబడాల్సిన పని లేదు, ఆలస్యమైతే ఇంకో బండి పిలుచుకోవచ్చు. రోడ్డు మీద టాక్సీని అడిగితే మీటరు వెయ్యనన్నాడు, ఐదొందలివ్వమన్నాడు, అదీ నలుగురికే. గ్రాబ్ అనే క్యాబ్ యాప్‌లో ఆరు సీట్ల బండి టోల్‌తో కలిపి అంతకన్నా కొంచెమే ఎక్కువైంది. సాయంత్రం ఐదింటికి బయలుదేరితే గంటన్నర పట్టింది, మూడు గంటలు చేతిలో పెట్టుకుని వెళ్లాం కాబట్టి టెన్షన్ లేదు. పాస్‌పోర్టు చెక్ దాటాక క్షీరసాగర మథనం బొమ్మలు నిలువెత్తున కనిపించాయి. అమ్మ అక్కడే ఆగిపోయి, వాసుకిని ఎటువైపు దేవతలు పట్టుకున్నారు, ఎటువైపు రాక్షసులు అని పాపకి కథంతా చెప్పి గానీ కదల్లేదు.

ఇంటికొచ్చాక చుట్టాలకి చూపించడానికి నా భార్య ఫోన్‌లో ఫోటోలన్నీ వరుసగా పెట్టింది. మొదటిది ఆ తెల్ల చొక్కా ఆయనది. "ఇది మేం వెళ్లక ముందు రోజు," అని చెప్పి నా వైపు చూస్తుంది.