మావెన్ బిల్డ్‌లో వీట్ ఫ్రంటెండ్: దీర్ఘకాలం వాడాక ఒక సమీక్ష

జావా బ్యాకెండ్‌నూ (సర్వర్‌లో నడిచే భాగం), వీట్ అనే సాధనంతో తయారయ్యే ఫ్రంటెండ్‌నూ (బ్రౌజర్‌లో కనిపించే భాగం) ఒకే బిల్డ్ కిందికి, అంటే కోడ్ నుంచి వాడకానికి సిద్ధమైన ఫైళ్లను తయారుచేసే ఒకే ప్రక్రియ కిందికి తెచ్చే ఫ్రంటెండ్ మావెన్ ప్లగిన్‌ను (జావా బిల్డ్ సాధనమైన మావెన్‌కు జోడించే అదనపు భాగం) నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ప్లగిన్ నమ్మదగినదే కానీ, దానితో పని సాఫీగా సాగుతుందా లేదా అన్నది ఫోల్డర్ల అమరికపై మొదట్లో తీసుకునే నిర్ణయాన్ని బట్టే ఉంటుంది.

మావెన్ పద్ధతిలో సోర్సు ఎస్‌ఆర్‌సీ/మెయిన్ కింద, తయారైన ఫైళ్లు టార్గెట్ ఫోల్డర్‌లో ఉంటాయి. వీట్ పద్ధతిలో ఇండెక్స్ ఫైలు ప్రాజెక్టు రూట్‌లోనే ఉంటుంది, ఫలితం డిస్ట్ ఫోల్డర్‌లోకి వెళుతుంది. చాలా టీములు ఫ్రంటెండ్ మొత్తాన్ని ఎస్‌ఆర్‌సీ/మెయిన్ లోపల పెట్టి, అవుట్‌పుట్‌ను టార్గెట్/క్లాసెస్‌కు మళ్లిస్తాయి. చూడటానికి పొందికగానే ఉన్నా ఇందులో ఒక చిక్కు దాగి ఉంది: అవుట్‌పుట్ ఫోల్డర్ తన రూట్‌కు బయట ఉంటే వీట్ హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుందే తప్ప, పాత ఫైళ్లను దానంతట అది తుడిచివేయదు. ఫైళ్ల పేర్లలో హ్యాష్ (లోపలి కోడ్ మారితే మారే అక్షరాల గుర్తు) ఉంటుంది కనుక, టార్గెట్‌ను తుడిచే క్లీన్ కమాండ్ లేకుండా ప్యాకేజ్ కమాండ్ నడిపినప్పుడల్లా పాత బండిళ్లు (వీట్ తయారుచేసిన పాత ఫైళ్లు) కూడా జార్‌లోకి, అంటే చివరికి తయారయ్యే జావా ప్యాకేజీ ఫైలులోకి చేరుతూ పోతాయి.

అందుకే ఫ్రంటెండ్‌ను విడి మాడ్యూల్‌గా ఉంచి, పామ్ ఫైలును (మావెన్ సెట్టింగులు ఉండే ఫైలు) ప్యాకేజ్ జేసన్ (ఫ్రంటెండ్ వాడే ప్యాకేజీల జాబితా ఉండే ఫైలు) పక్కనే పెట్టి, లోపలి అమరికను వీట్ కోరినట్టే వదిలేసి, అవుట్‌పుట్‌ను మాత్రం ఆ మాడ్యూల్ టార్గెట్‌కు మళ్లించాలని గట్టిగా చెబుతాను. అప్పుడు టార్గెట్ వీట్ రూట్ లోపలే ఉంటుంది కాబట్టి ప్రతి బిల్డ్ మొదట్లో అవుట్‌పుట్ ఫోల్డర్ ఖాళీ అవుతుంది; ఫైళ్లను మెటా-ఇన్ఫ్/రిసోర్సెస్ కింద ఉంచితే జావా సర్వర్ ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్ అదనపు సెట్టింగ్ లేకుండానే వాటిని అందిస్తుంది.

నాకు బాగా నచ్చిన గుణం, వీట్ నడవడానికి కావలసిన నోడ్ సాఫ్ట్‌వేర్‌లో పామ్‌లో రాసిన వెర్షన్‌నే ప్లగిన్ ప్రతి మెషీన్‌లోనూ దింపుకోవడం. బయటి నెట్ లేని సీఐ సర్వర్లలో (బిల్డ్‌లను ఆటోమేటిక్‌గా నడిపేవి) డౌన్‌లోడ్ చిరునామాను సంస్థ లోపలి మిర్రర్‌కు, అంటే నకలు సర్వర్‌కు మార్చుకోవచ్చు.

లోపం వేగంలో ఉంది. ఫ్రంటెండ్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎం సీఐ కమాండ్, అవి ఉండే పాత నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను తీసేసి మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేస్తుంది గనుక, బ్యాకెండ్ మాత్రమే ముట్టుకునేవారు ఫ్రంటెండ్ బిల్డ్‌ను దాటవేసే స్కిప్ ఆప్షన్ వాడతారు. క్లీన్ తర్వాత స్కిప్ చేస్తే ఫ్రంటెండ్ లేని జార్ తయారవుతుంది, బిల్డ్ మాత్రం విజయవంతమైనట్టే కనిపిస్తుంది. ఇది నిజంగా ప్రమాదకరం. బిల్డ్ నియమాలను తనిఖీ చేసే మావెన్ ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌తో ప్యాకేజింగ్‌కు ముందు టార్గెట్‌లో ఇండెక్స్ ఫైలు ఉందో లేదో తనిఖీ చేయించి, లేకపోతే బిల్డ్‌ను అక్కడే ఆపించడం తప్పనిసరి.